రెండో మెట్టు

గురువుగారి కళ్ళు రెండూ తెల్లబడ్డాక సుంకన్నకు దశ తిరిగింది.

ఈ మాట పైకి అంటే బాగుండదని సుంకన్నకూ తెలుసు. అందుకే ఎప్పుడూ అనలేదు. లోపల అనుకోవడం కూడా ఈమధ్యే మొదలుపెట్టాడు, అదీ గురువుగారు కునుకు తీస్తున్నప్పుడు మాత్రమే.

అంతకుముందు అతని చరిత్ర చెప్పుకోదగ్గదేమీ కాదు. మగ్గం నేర్చుకోవడానికి పోతే, చెయ్యి ఆడేదానికన్నా నోరు ఆడేది ఎక్కువని మేస్త్రీ పంపించేశాడు. కిరాణా అంగట్లో కుదిరితే, పొట్లం కట్టేలోపు కథ ఎత్తుకుంటున్నాడని షావుకారు పంపించేశాడు. మాట్లాడ్డం తప్పుకాని చోటు ఎక్కడుందా అని వెతుక్కుంటూ, ఊరవతల గుట్టవాలున తత్వాలు పాడుకునే ఓబుళదాసు మఠానికి వచ్చి పడ్డాడు.

మఠం అనగానే గోపురాలు ఊహించుకోవద్దు. రెండు గదులు, ముందొక వసారా, వసారా దిగడానికి రెండు మెట్లు. రెండో మెట్టు ఎప్పుడో నేలలోకి కుంగి ఓ పక్కకు వాలిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఒకటే మెట్టనుకుని అడుగేసి, తూలి, ముందుకు పడబోయి, అది కూడా గురువుగారి మహిమే అనుకుని దణ్ణం పెట్టుకుని పోతుంటారు.

సుంకన్న బళ్ళో చదివింది తక్కువ. ఒక్క వరం మాత్రం ఉంది. చెవిన పడింది పోదు. ఎంత పొడుగు తత్వమైనా ఒక్కసారి వింటే చాలు, గుటక వేసిన చోటుతో సహా తిరిగి ఒప్పజెప్తాడు. గురువుగారు అతనిలో మెచ్చుకున్నది ఆ ఒక్కదాన్నే. మెచ్చుకుని, చీపురు చేతికిచ్చి వసారా ఊడవమనేవారు.

ఆ తర్వాత శుక్లాలు వచ్చాయి. ముందు ఎడమ కంట్లో, వెనకే కుడి కంట్లో. గురువుగారు పట్టించుకోలేదు. ముదిరి ముదిరి నల్లగుడ్ల నడుమ రెండు ముత్యాల్లా తెల్లగా కూచున్నాయి. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియని రోజున గురువుగారి చెయ్యి వచ్చి సుంకన్న భుజం మీద వాలింది.

ఆరోజు నుంచి చీపురు వేరేవాళ్ళ చేతికి పోయింది.

"ఎవరొచ్చినారు నాయనా?" అని అడిగేవారు గురువుగారు. సుంకన్న చెప్పేవాడు. అతను చెప్తే వచ్చినట్టు, చెప్పకపోతే రానట్టు. ఈ సంగతి మఠానికి వచ్చేవాళ్ళకు తొందరగానే అర్థమైంది. గురువుగారికి దణ్ణం పెట్టిన చేతుల్తోనే అతనికీ ఒకటి పెట్టసాగారు. సుంకన్న మొదట్లో "అయ్యో, నాకెందుకప్పా" అనేవాడు. తర్వాత్తర్వాత చెయ్యెత్తి ఆశీర్వదించడం అలవాటైంది. చెయ్యి ఎంతెత్తు ఎత్తితే బాగుంటుందో చెంబులోని నీళ్ళలో చూసుకుని సరిచేసుకున్నాడు కూడా.

"చిన్నసామి" అని మొట్టమొదట పిలిచింది మద్దిలేటమ్మ. అందరూ మద్దమ్మవ్వ అంటారు. బస్టాండు మూలమీద పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్ముతుంది. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది. రెండో కంటితోనే పెళ్ళి చూసింది, పిల్లల్ని చూసింది, వాళ్ళు పోవడమూ చూసింది. ఇప్పుడా కంట్లోనూ శుక్లం తెల్లగా తేలింది. బజ్జీ వేగిందీ లేనిదీ నూనె చప్పుడును బట్టి చెప్తుంది. గురువారం గురువారం ఒక ఆకు పొట్లం తెచ్చి మఠంలో ఇస్తుంది. అందులో ఉగ్గాని, పైన రెండు బజ్జీలు.

ఉగ్గాని గురువుగారికి చేరేది. బజ్జీలు దారిలో సుంకన్నకు చేరేవి. ఆ వయసులో అంత కారం గురువుగారికి మంచిది కాదని అతని నమ్మకం.

"మద్దమ్మ బజ్జీలు మానేసిందా ఏమి?" అన్నారొకసారి గురువుగారు.

"నూనె రేటు పెరిగింది గద సామీ" అన్నాడు సుంకన్న, ఎక్కిళ్ళు ఆపుకుంటూ.

ఒక భక్తుడు గురువుగారికని ఊదారంగు శాలువా తెచ్చాడు. "ఏం తెచ్చినాడు?" అన్నారు గురువుగారు. "తుండుగుడ్డ సామీ" అన్నాడు సుంకన్న. చలికాలమంతా ఆ తుండుగుడ్డ అతని భుజాల్ని వెచ్చగా ఉంచింది.

ఇట్లా రోజులు హాయిగా గడుస్తుండగా, ఒక పొద్దున గురువుగారు వేపపుల్ల నములుతూ అన్నారు.

"బడికాడ కంటి క్యాంపు పెట్టినారంట. పోయి చూపించుకొని వద్దామా?"

నీళ్ళు పోస్తున్న సుంకన్న చెయ్యి ఆగింది.

"మీకెందుకు సామీ ఆ బాధ? లోపలి చూపున్నోళ్ళు."

"లోపలి చూపుతో దొడ్డికి పోలేకపోతున్నా నాయనా. రోజూ తెల్లారకముందే నిన్ను లేపాల్సొస్తోంది. పాపం, మంచి నిద్రలో ఉంటావు."

సుంకన్న మిగతా నీళ్ళు ఒక్కసారిగా పోసేశాడు.

*

క్యాంపులో డాక్టరమ్మ చిన్నవయసుది. గురువుగారి కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. ఆయన్ను బయట బల్ల మీద కూచోబెట్టాక సుంకన్నను లోపలికి పిలిచింది.

"పెద్దాయన్ని కూడా రమ్మనండి. ఆయన కన్ను కదా, ఆయన వినాలి."

"మా గురువుగారమ్మా. ఊరికే తిప్పి శ్రమపెట్టకూడదు. నాకు చెప్పండి. ఒక్కక్షరం పోకుండా ఒప్పజెప్తా" అన్నాడు సుంకన్న. ఈ ఒక్క విషయంలో అతను గొప్పలు పోవడం లేదు.

వెనక వరస పెద్దదిగా ఉంది. డాక్టరమ్మ సరేనని చెప్పసాగింది.

"లేత శుక్లమైతే చిన్న గాటుతో అయిపోతుంది. ఈయనది ముదిరి రాయైంది. పెద్ద గాటు పెట్టి తియ్యాలి. తీసేటప్పుడు దాని వెనకున్న సన్నటి పొర చిరగొచ్చు. చిరిగితే ముక్కలు కన్ను అడుక్కి జారొచ్చు, మళ్ళీ ఇంకో ఆపరేషన్ అవసరం పడొచ్చు. చీము పట్టడం అరుదు, కానీ పడితే కన్నే పోవచ్చు. కంటి వెనక నరం ఎట్లుందో ఈ తెల్లదనంలో నాకిప్పుడు కనపడదు. అది దెబ్బతిని ఉంటే ఆపరేషన్ బాగా జరిగినా చూపు రాదు. అందుకే ఇంత వస్తుందని మాటివ్వలేను."

ఇక్కడ డాక్టరమ్మ ఆగి ఊపిరి తీసుకుంది. తర్వాత ఇంకా చెప్పింది.

"ఇవన్నీ ముందే చెప్పడం నా పని. ఇంకో మాట కూడా వినండి. ఇంత ముదిరిన కళ్ళలో కూడా ఎక్కువమందికి చూపు బాగానే వస్తోంది. కొన్నాళ్ళు మబ్బుగా ఉండి మెల్లగా తేటపడుతుంది. ఈయనకు వెలుగు ఎటువైపు నుంచి వస్తోందో బాగా తెలుస్తోంది, అది మంచి గుర్తు. చెయ్యకుండా వదిలేస్తే ఎప్పుడూ ఇట్లాగే ఉంటుందనుకోవద్దు. ముదిరిన శుక్లం ఉబ్బొచ్చు, కారొచ్చు. కంట్లో ఒత్తిడి పెరిగి ఒకరోజు భరించలేని నొప్పొస్తుంది. అప్పుడు పరుగెత్తుకొచ్చినా నొప్పి పోతుందేమో గానీ, పోయిన చూపు తేలేం. అనుమానాలుంటే ఆయన్నే తీసుకురండి, మళ్ళీ చెప్తాను."

తిరిగొచ్చే దారిలో గురువుగారి చెయ్యి ఎప్పటిలాగే భుజం మీదుంది.

"ఏం చెప్పింది నాయనా?"

సుంకన్న మొదలుపెట్టాడు. రాయి దగ్గర్నుంచి, గాటు దగ్గర్నుంచి, చీము మీదుగా, ఇంత వస్తుందని మాటివ్వలేనన్నదాకా వచ్చాడు. డాక్టరమ్మ గొంతు కూడా కొంచెం కలిసింది. ఆమె ఊపిరి తీసుకున్న చోట తనూ తీసుకున్నాడు.

తీసుకుని, ఊరుకున్నాడు.

గురువుగారు కొంచెం దూరం నడిచారు.

"అంతేనా?"

"అంతే సామీ."

"అన్ని భయాలు దాచకుండా చెప్పిందంటే మంచి డాక్టరే" అన్నారు గురువుగారు. ఇంకొంత దూరం పోయాక, "సరేలే. ఉన్న వెలుగు చాలు. రేపట్నుంచి ఇంకొంచెం ఆలస్యంగా లేపుతాలే నిన్ను" అన్నారు.

అబద్ధం ఒక్కటీ చెప్పలేదని సుంకన్న ఆరోజంతా తనకు తాను చెప్పుకున్నాడు. పొద్దుగూకేసరికి, పెద్దాయన్ను కత్తి కింద పడకుండా కాపాడింది తనేనన్న నమ్మకం కూడా కుదిరింది. శాలువా నిండా కప్పుకున్నాడు.

*

రెండు రోజులకు మద్దమ్మవ్వ గురువారం కాకుండానే వచ్చింది. వసారాలో గురువుగారి ముందు కూచుని, చెంగుతో కన్ను ఒత్తుకుంది.

"సామీ, నాకున్నదే ఒక్క కన్ను. అదీ ఇట్లాయె. రేపు క్యాంపు ఆఖరంట. పొమ్మని కొందరు, వద్దని కొందరు. నాకు గుండె దడ. పోనా, వద్దా?"

"నాకేం తెలుసమ్మా" అన్నారు గురువుగారు. "సుంకన్న పోయి అన్నీ కనుక్కొని వచ్చినాడు. ఆయన్నడుగు."

ఆమె ముఖం సుంకన్న వైపు తిరిగింది. గురువుగారు కూచున్నది రెండు బారల దూరంలో. కళ్ళు పోయినా ఆయన చెవులు బంగారం.

సుంకన్న ఒప్పజెప్పాడు. గురువుగారికి చెప్పిందే, అంతవరకే.

"చీము పడితే కన్నే పోతాదా?" అంది మద్దమ్మవ్వ.

"పోవచ్చంది."

"ఈ మసకైనా మిగల్దా?"

"మాటివ్వలేనంది అవ్వా."

ఆమె మోకాళ్ళ మీద చేతులూని లేచింది. మెట్లదాకా సుంకన్న సాగనంపాడు. అక్కడైతే గురువుగారికి వినపడకుండా తక్కిన సగం ఆమె చెవిలో వెయ్యొచ్చు. వేద్దామనే అనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. ఈలోపు ఆమె చెప్పుల కోసం కాలితో తడుముకుంటూ, "నువ్వుండబట్టి సరిపోయింది చిన్నసామీ. లేకుంటే తెలీక పోయి పడుందును" అంది.

ఆ పిలుపు విన్నాక మాట గొంతు దాటలేదు. చెప్పులు వెతికి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. తనకు తెలిసి ఆరోజు చేసిన మంచి పని అదొక్కటే.

*

ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. ఒక గురువారం ఆకు పొట్లం రాలేదు. బజ్జీల కోసం ఎదురుచూస్తున్న సుంకన్నే ముందు గమనించాడు. మధ్యాహ్నానికి ఆమె పక్కింటి లాలప్ప రొప్పుకుంటూ వచ్చాడు.

"సామీ, మద్దమ్మవ్వ కన్ను మోదుగపువ్వు మాదిరి ఎర్రగైంది. నిన్నట్నుంచి తల గోడకేసి కొట్టుకుంటోంది. నీళ్ళు తాగినా కక్కుకుంటోంది."

గురువుగారు లేచి నిలబడ్డారు. "ఆటో పిలువు. నేనూ వస్తా" అన్నారు.

పట్నంలో కంటాసుపత్రి. లోపల ఉన్నది ఆ డాక్టరమ్మే. మద్దమ్మవ్వ కన్ను చూసి, వెంటనే సూది వేయించి, ఆమెను లోపలికి పంపించి, అప్పుడు వీళ్ళవైపు తిరిగింది. సుంకన్నను గుర్తుపట్టింది.

"మీరు క్యాంపుకొచ్చారు కదా? ఒక్కక్షరం పోకుండా ఒప్పజెప్తానన్నారు." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ముదిరిపోతే ఇట్లవుతుందని ఆరోజే చెప్పానే. మీ ఊరేగా ఈమెది? ఎవరూ చెప్పలేదా ఈమెకు?"

సుంకన్న నేల చూశాడు. నేల శుభ్రంగా ఉంది, చూడ్డానికి ఏమీ దొరకలేదు. భుజం మీద గురువుగారి చెయ్యి అట్లాగే ఉంది. వేళ్ళు బిగియలేదు. సడలనూ లేదు. బిగిస్తే బాగుండుననిపించింది.

"తల్లీ" అన్నారు గురువుగారు, "ఆరోజు నేను బయట కూచున్నా. నాకూ ఒకసారి చెప్పు, మొదట్నుంచీ."

డాక్టరమ్మ చెప్పింది. రాయి, గాటు, పొర, ముక్కలు, చీము, నరం. మాటివ్వలేనంది. ఊపిరి తీసుకుంది. ఆ కాస్త సేపట్లో సుంకన్నకు ఆసుపత్రి గోడలు దగ్గరకు వచ్చినట్టయింది. ఆమె తక్కినదీ చెప్పింది. ఎక్కువమందికి బాగానే వస్తుందంది. వదిలేస్తే ఏమవుతుందో చెప్పింది.

"అంతేనా తల్లీ?"

"అంతే తాతా."

గురువుగారు సుంకన్న వైపు ముఖం తిప్పారు.

"నువ్వు చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు నాయనా" అన్నారు.

తర్వాత డాక్టరమ్మతో, "ముందు ఆమె సంగతి చూడు. తర్వాత నాకూ చెయ్యి. ఏం జరిగినా నీమీద మాట రాదు" అన్నారు.

మఠానికి తిరిగొచ్చాక సుంకన్న గురువుగారి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. చెప్పేయాలనే కూచున్నాడు. నోరు తెరిచేసరికి వేరేది బయటికొచ్చింది.

"సామీ, తప్పు చేసినా. మద్దమ్మవ్వ బజ్జీలు మానేయలేదు. నేనే తినేస్తాంటి."

"అది తెలుసులే. నీ ఎక్కిళ్ళు వీధి చివరకు వినపడేవి" అన్నారు గురువుగారు. "ఇంకోటి చెప్పు."

సుంకన్న ఆయన కాళ్ళు ఒత్తసాగాడు. గురువుగారు గోడవైపు ఒత్తిగిలి పడుకున్నారు.

మేస్త్రీ తిట్టాడు, షావుకారు తిట్టాడు, ఇంకా ఎందరో తిట్టారు. వాళ్ళందరి మీదా సుంకన్నకు ఇప్పుడు ప్రేమ పుట్టుకొచ్చింది. తిట్టేవాళ్ళ దగ్గర బతకడం ఎంత తేలికో అతనికి తెలియలేదు ఇన్నాళ్ళు.

*

గురువుగారి కుడి కంటికి ఆపరేషన్ జరిగేరోజు సుంకన్న ఆసుపత్రి వరండాలో కూచుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. గురువుగారికి చూపు రావాలి, చల్లగా ఉండాలి, అని. మొక్కుతూ మొక్కుతూ ఉండగా, ఆ మొక్కు అడుగున సన్నగా ఇంకో గొంతు వినపడింది. రాకపోతే, అంటోంది అది. రాకపోతే నువ్వు చెప్పిందే నిజమవుతుంది కదా. ఆ చెయ్యి నీ భుజం మీదే ఉంటుంది కదా.

ఎవరిదా గొంతు అని అటూ ఇటూ చూసినంత పని చేశాడు. తనదేనని తెలిశాక, లేచి పోయి కొళాయి కింద తల పెట్టాడు.

మర్నాడు పట్టీ విప్పారు. "ఏం కనపడుతోంది తాతా?" అంది డాక్టరమ్మ.

"మబ్బు" అన్నారు గురువుగారు.

సుంకన్న గుండె ఎగిరింది. ఎందుకు ఎగిరిందో అతను చూడదలుచుకోలేదు.

"గట్టి శుక్లం కదా, కంటి ముందు పొర వాచింది. చుక్కలు వెయ్యండి, చెయ్యి పెట్టొద్దు, వంగొద్దు, తలంటొద్దు" అంది డాక్టరమ్మ. "వాపు దిగనివ్వండి. అప్పుడు తెలుస్తుంది."

చుక్కలు సుంకన్నే వేశాడు. ఒక్క వేళ తప్పలేదు. మబ్బు రోజుకింత పలచబడింది. గురువుగారు ముందు వేపచెట్టును గుర్తుపట్టారు, తర్వాత చెట్టులోని కాకిని. ఒక పొద్దున సుంకన్న చుక్కల సీసాతో వంగితే, ఆయన అతన్ని పైనుంచి కిందికి నిదానంగా చూశారు.

"లావైనావే నాయనా" అన్నారు. ఇంకొంచెం చూసి, "ఈ తుండుగుడ్డ నీకు బాగుంది. ఊదారంగు నప్పుతుంది" అన్నారు.

సుంకన్న శాలువా విప్పి మడిచి ఆయన మంచం మీద పెట్టాడు. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

చూపొచ్చినా నాలుగడుగులు వెయ్యాల్సొస్తే గురువుగారి చెయ్యి అలవాటుగా సుంకన్న భుజం మీదికే వచ్చేది. ఒకప్పుడు ఆ చెయ్యి పోతుందేమోనని భయపడ్డవాడు, ఇప్పుడది వచ్చి వాలినప్పుడల్లా ముడుచుకుపోతున్నాడు. తెల్లారకముందు దొడ్డికి మాత్రం ఆయన ఒక్కరే పోతున్నారు. మెల్లగా, చప్పుడు కాకుండా, సుంకన్న నిద్ర చెడకుండా. సుంకన్న రోజూ మేలుకునే ఉంటున్నాడని ఆయనకు తెలుసో లేదో.

*

పట్నంలో చెల్లెలి కూతురింట్లో ఉండి, మద్దమ్మవ్వ ఒక గురువారం తిరిగొచ్చింది. లాలప్ప చెయ్యి పట్టుకుని తెచ్చి వసారాలో కూచోబెట్టి, పనుందని పోయాడు. వసారా నిండా జనం. గురువుగారు తంబూర తీగ బిగిస్తున్నారు.

"సామీ, మీకు చూపొచ్చిందంట. సంతోషం" అంది ఆమె.

"ఒక కన్ను వచ్చిందమ్మా. నీకు?"

"నొప్పి పోయింది, అదే పదివేలు. చూపు రాలే. తలుపు తెరిస్తే తెరిచినట్టు తెలుస్తాది, అంతే. నరం చచ్చిపోయిందంట." ఆమె నవ్వడానికి చూసింది. "నా రాత. చిన్నసామి ముందే చెప్పె గదా, మాటివ్వలేరు, కన్నే పోవచ్చు అని. అచ్చం అట్లే ఆయె. ఆయన మాట విని ఉన్నన్నాళ్ళు ఉన్న మసకతోనే బతికినా."

"చిన్నసామి నోటి నుంచి వచ్చిందంటే జరిగి తీరాల్సిందే" అన్నాడు వెనకెవరో. నలుగురు తలలూపారు. ఒకావిడ కూచున్నచోటు నుంచే సుంకన్నకు దణ్ణం పెట్టింది.

సుంకన్న గురువుగారి వైపు చూశాడు. ఆయన తీగ మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ బిగిస్తున్నారు. ఆయన చెప్పరు. ఇవాళా చెప్పరు, ఎన్నటికీ చెప్పరు. ఆ డాక్టరమ్మ ఈ గుట్టకు రాదు. చెయ్యెత్తి ఆశీర్వదిస్తే చాలు, ఈ వసారాలో అతను చచ్చేదాకా చిన్నసామి.

చెయ్యి లేవలేదు.

"అవ్వా" అన్నాడు. "డాక్టరమ్మ చెప్పింది అంతే కాదు. ఇంకా ఉండె."

"ఏముండె?"

సుంకన్న ఒప్పజెప్పాడు. ఈసారి ఊపిరి తీసుకున్న చోటు నుంచి మొదలుపెట్టాడు. ఎక్కువమందికి బాగానే వస్తోందన్నది, మెల్లగా తేటపడుతుందన్నది, వదిలేస్తే ఉబ్బుతుందన్నది, ఒకరోజు నొప్పొస్తుందన్నది, పోయిన చూపు తేలేమన్నది, అనుమానముంటే తీసుకురండి మళ్ళీ చెప్తానన్నది. ఎంత పొడుగు తత్వంలోనూ తడబడని గొంతు మూడు చోట్ల తెగింది. తెగిన చోట ఆగి, మళ్ళీ అతికించుకుని, చివరిదాకా చెప్పాడు.

దణ్ణం పెట్టినావిడ చేతులు ఒళ్ళోకి దించుకుంది.

"ఇది నీకెప్పుడు తెలుసు?" అంది మద్దమ్మవ్వ.

"ఆరోజే."

"నేనొచ్చి అడిగిన నాటికి?"

"తెలుసు."

ఆమె కొంతసేపు ఆ మాటనే నములుతున్నట్టు దవడలు ఆడించింది.

"నా కన్నుతో నీకేం పని పడింది నాయనా?" అంది.

కోపంగా అన్నా బాగుండేది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. సుంకన్న దగ్గర జవాబు ఉంది. ఆమె కన్నుతో అతనికి ఏ పనీ లేదు. అతని గోలంతా వేరే కళ్ళ గురించి. ఆమె కన్ను అసలు అతనికి గుర్తుకే రాలేదు. తల వంగిపోయి మోకాళ్ళకు తగిలింది.

మద్దమ్మవ్వ లేచింది. స్తంభం కోసం గాలిలో చెయ్యి చాపింది. స్తంభం అటువైపు లేదు. కూచున్నవాళ్ళు ఆమె కాళ్ళకు అడ్డం లేకుండా ముడుచుకున్నారు గానీ, ఎవరు లేవాలో ఎవరికీ తోచలేదు.

గురువుగారు తంబూర పక్కన పెట్టారు. ఎవరి భుజమూ పట్టుకోకుండా లేచారు. జనం నడుమ నుంచి ఒక్కరే నడిచి ఆమె దగ్గరకు వచ్చారు. గాలిలో వెతుకుతున్న ఆ చేతిని పట్టుకుని, రెండో చేత్తో సుంకన్నను రెక్క పట్టి లేపి, ఆమె చేతిని అతని భుజం మీద పెట్టారు.

"ఈ భుజం నాకింక అక్కర్లేదమ్మా" అన్నారు. "మెట్లు తెలిసిన భుజం."

శాలువా లేని ఒట్టి భుజం. నూనె చిట్లి మచ్చలు పడ్డ అరచెయ్యి గరుగ్గా తగిలింది. గురువుగారి చెయ్యిలా అది వాలలేదు. ఎప్పుడైనా లేచిపోవడానికి సిద్ధంగా, వేళ్ళ కొసల మీద నిలబడి ఉంది. లేచిపోతే అడ్డం చెప్పే హక్కు అతనికి లేదు.

"పద" అంది మద్దమ్మవ్వ.

ఇద్దరూ వసారా అంచుకు వచ్చారు. సుంకన్న ఆగాడు.

"మెట్టు" అన్నాడు.

ఆమె కాలు చాపి, తడిమి, దిగింది. దిగి, లెక్క మరిచి, నేల వచ్చేసిందనుకుని కాలు ముందుకు వెయ్యబోయింది.

"ఆగవ్వా" అన్నాడు సుంకన్న. "ఇంకోటుంది."